దిద్దిన కాగితం తిరిగి రావాలి

పెళ్లి కుదిరిన ఇంటికి శుభలేఖ ప్రూఫు వచ్చిన రోజున ఆ ఇంట్లో జరిగే చదువు చాలా నిశితంగా ఉంటుంది. ఇంటిపేర్ల పొడి అక్షరాలు సరిగా పడ్డాయా, అర్ధరాత్రి దాటిన ముహూర్తానికి ‘తెల్లవారితే శుక్రవారం’ అన్న మాట చేర్చారా, కల్యాణ మండపం పేరు, ఊరు, వీధి సరిపోయాయా, ‘కీర్తిశేషులు’ అన్న మాట ఉండవలసిన పేరు ముందే ఉందా అని ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు చదువుతారు. డిగ్రీ చదువుతున్న అబ్బాయో అమ్మాయో ఆ ఇంట్లో ఉంటే ప్రూఫు చివరిగా వారి చేతికే వస్తుంది, పెద్దల కంట పడని తప్పును చాలాసార్లు వారే పట్టుకుంటారు. అదే విద్యార్థి మర్నాడు కళాశాలలో ఇచ్చే అసైన్‌మెంటును మాత్రం రాసిన తరువాత ఒక్కసారి కూడా చదవకుండా బల్ల మీద పెట్టి వస్తాడు. విజయవాడ, గుంటూరు కళాశాలల్లో భాషా బోధన గురించి ఆలోచించేవారు మొదట గమనించవలసిన విషయం ఇదే. జాగ్రత్తగా చదివే శక్తి విద్యార్థికి లేక కాదు, ఆ శక్తిని తన రాతపై వాడవలసిన అవసరం అతనికి కలగడం లేదు.

శుభలేఖ విషయంలో ఆ అవసరం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచిస్తే రెండు కారణాలు కనిపిస్తాయి. దాన్ని చదివేవారు ఎవరో ఇంటివారికి ముందే తెలుసు. దిద్దిన ప్రూఫు తిరిగి దుకాణానికి వెళ్లి, సరిచేసిన రూపంలో మళ్లీ ఇంటికి వస్తుందని కూడా తెలుసు. కళాశాల రాతలో ఈ రెండూ దాదాపు లేవు. సెమిస్టరు పరీక్షలో మూడు గంటలు రాసిన జవాబు పత్రం వాల్యుయేషన్‌కు వెళ్లిపోతుంది, తిరిగి వచ్చేది సాధారణంగా మార్కు మాత్రమే. ఏ వాక్యం అర్థం కాలేదో, ఏ పేరా ఎందుకు నిలబడలేదో రాసినవారికి ఎప్పటికీ తెలియదు. అసైన్‌మెంట్ల సంగతి మరీ దయనీయం. ప్రతి పేజీ మీదా అడ్డంగా ఒక ఎర్ర గీత, చివర సంతకం, పక్కన తేదీ ఉంటాయి. ఆ గీత ‘చూశాను’ అని చెబుతుందే తప్ప ‘చదివాను’ అని చెప్పదు. చదవరని తెలిసిన రాతను శ్రద్ధగా రాయమని కోరడం న్యాయం కాదు.

డిగ్రీకి రాకముందే ఈ అలవాటు బలపడి ఉంటుంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంటర్మీడియట్ చదువు చాలావరకు పోటీ పరీక్షల చుట్టూ తిరుగుతుంది. ఇంజినీరింగ్ విభాగపు ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి, అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు సమయం మాత్రమే. రెండేళ్ల పాటు దానికోసం సాధన చేసిన విద్యార్థికి అలవడేది నాలుగింటిలో ఒకదాన్ని వేగంగా ఎంచుకోవడం. ఇంటర్ పబ్లిక్ పరీక్షలో రాత ఉన్నా, అక్కడ రాసేది ఎక్కువగా బట్టీ పట్టిన జవాబే కావడంతో, తన మాటల్లో ఒక పేరా కట్టవలసిన సందర్భం అరుదుగా వస్తుంది. మార్కులు సులువుగా వస్తాయన్న లెక్కతో ద్వితీయ భాషగా తెలుగుకు బదులు సంస్కృతం తీసుకునేవారు ఎందరో ఉన్నారు, వారికి పదో తరగతితోనే తెలుగు రాత ఆగిపోతుంది. ఆ తరువాత డిగ్రీలో ఒక్కసారిగా పుటల కొద్దీ రాయవలసి వస్తుంది. ఎన్ని పుటలు నింపితే అన్ని మార్కులన్న నమ్మకం అప్పటికే పాతుకుపోయి ఉంటుంది. ఆ నమ్మకం ఉన్నంతకాలం రాసినదాన్ని వెనక్కి తిరిగి చదవడం సమయం వృథా చేసుకోవడంగానే తోస్తుంది, ఎందుకంటే ఆ పది నిమిషాల్లో ఇంకో పుట నింపవచ్చు.

ఈ స్థితిలో తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టి ‘ఈ తరానికి భాష రాదు’ అనడం తేలిక, కానీ ఆ మాటలో నిజం తక్కువ. తెలుగులో ‘పొరపాటు’ వేరు, ‘తప్పు’ వేరు. రాసినవారే మళ్లీ చూస్తే తమంతట తాము సరిచేసుకోగలిగినది పొరపాటు. ఎన్నిసార్లు చూసినా సరైనదిగానే తోచేది తప్పు, ఎందుకంటే అక్కడ తెలియవలసిన విషయమే తెలియదు. భాషా బోధన రంగంలో ఈ తేడాను భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లోనే స్పష్టంగా చూపాడు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. తెలియనిదాన్ని నేర్పాలి. తెలిసి కూడా జారిపోయినదాన్ని నేర్పనక్కరలేదు, మళ్లీ చూసుకునేలా చేస్తే చాలు. అధ్యాపకుడు రెండు రకాలనూ తానే దిద్ది ఇస్తే పొరపాట్ల విషయంలో విద్యార్థి చేయవలసిన పనిని తాను చేసినట్టవుతుంది, తప్పుల విషయంలో వివరణ లేని జవాబును చేతిలో పెట్టినట్టవుతుంది.

అమెరికాలో కళాశాల విద్యార్థులకు రచన బోధించిన రిచర్డ్ హాస్‌వెల్ 1983లో ప్రచురించిన ఒక చిన్న వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ ఉపయోగపడుతుంది. ఆయన స్పెల్లింగు, విరామచిహ్నాల వంటి పైపై దోషాలు వేటినీ దిద్దేవాడు కాదు. పొరపాటు ఉన్న పంక్తి ఎదుట మార్జినులో ఒక టిక్కు మాత్రం పెట్టేవాడు. ఆ పంక్తిలో రెండు ఉంటే రెండు టిక్కులు. ఏమిటి, ఎక్కడ అన్నది చెప్పడు. విద్యార్థి తరగతిలోనే ఆ పంక్తులను మళ్లీ చదివి, తానే కనిపెట్టి, సరిచేసి కాగితం తిరిగి ఇవ్వాలి. అది పూర్తయ్యాకే మార్కు పుస్తకంలోకి ఎక్కేది. తన విద్యార్థులు ఇలా 60 శాతానికి పైగా దోషాలను ఎవరి సాయం లేకుండా సరిచేసుకున్నారని ఆయన రాశాడు. అవి ఇంగ్లీషు మాట్లాడే సమాజంలోని తరగతులు కాబట్టి ఇక్కడా అదే నిష్పత్తి వస్తుందని అనుకోకూడదు. అయినా అందులో సగం వచ్చినా అధ్యాపకుడి భారం ఎంత తగ్గుతుందో లెక్క వేసి చూడవచ్చు. అరవై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరు నాలుగు పుటలు రాస్తే 240 పుటలవుతాయి. ప్రతి దోషాన్నీ దిద్దుతూ పుటకు మూడు నిమిషాలు వెచ్చిస్తే పన్నెండు గంటల పని. టిక్కు పెట్టడానికి పుటకు ఒక నిమిషం చాలనుకుంటే నాలుగు గంటలు. మూడు సెక్షన్లకు చెప్పే అధ్యాపకుడు పన్నెండు గంటల పని చేయలేకే అడ్డ గీత గీసి సంతకం పెడుతున్నాడు. నాలుగు గంటల పనైతే ఒక సెమిస్టరులో రెండు సార్లయినా చేయగలడు.

దిద్దడం వల్ల ఉపయోగం ఉందా లేదా అన్న చర్చ కూడా లోకంలో చిన్నది కాదు. రెండవ భాషలో రాసేవారి వ్యాకరణ దోషాలను దిద్దడం నిష్ప్రయోజనమే కాక హాని కూడా చేస్తుందని భాషా బోధన పరిశోధకుడు జాన్ ట్రస్కాట్ 1996లో వాదించినప్పుడు, అదే రంగానికి చెందిన డానా ఫెరిస్ వంటివారు దానికి గట్టిగా బదులిచ్చారు. ఆ వాదం ఎటు తేలినా, ఎర్ర సిరాతో నిండిన కాగితాన్ని విద్యార్థి మడిచి సంచిలో పెట్టుకుని మళ్లీ తీయకపోతే ఆ సిరా వృథా అయినట్టే. దిద్దిన కాగితాన్ని విద్యార్థి తిరగరాసి మళ్లీ ఇవ్వవలసి ఉన్నప్పుడే దిద్దుబాటుకు పని ఉంటుంది.

తెలుగు రాతకు వచ్చేసరికి పొరపాట్ల స్వభావం కొంత ప్రత్యేకంగా ఉంటుంది, ఇక్కడ కాస్త ఆగి చూడాలి. తెలుగు లిపి పలికినట్టు రాసేది అన్న మాట చాలావరకు నిజమే. కానీ ఖ, ధ, ఫ వంటి ఒత్తి పలకవలసిన అక్షరాలు, అంటే మహాప్రాణాలు, వాడుక మాటలో సాధారణంగా తేలిపోతాయి, రాతలో మాత్రం నిలిచి ఉంటాయి. అందుకే ‘బాధ’ను ‘భాద’గా, ‘విద్యార్థి’ని ‘విద్యార్ధి’గా రాయడం అంత తరచుగా కనిపిస్తుంది. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ‘ప్రదానం’ అంటే ఇవ్వడం, ‘ప్రధానం’ అంటే ముఖ్యమైనది. పురస్కారాల సభలకు కట్టే ఫ్లెక్సీల మీద ‘ప్రదానోత్సవం’ కాస్తా ‘ప్రధానోత్సవం’ కావడం నగరంలో తరచూ కనిపించేదే. ‘ఫలితం’లో ఫకారం పోయి ‘పలితం’ అయితే దానికి నెరిసిన జుట్టు అన్న అర్థం వస్తుంది. ‘అర్ధం’, ‘ప్రధానం’, ‘పలితం’ వంటివి నిఘంటువులో ఉన్న మాటలే, అందువల్ల అక్షరం తప్పినా పదం సరైనదిగానే కనిపిస్తుంది, కంటికి అడ్డు తగలదు.

ఫోనులో రాయడం పెరిగాక ఈ జాబితాలోకి మరికొన్ని వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే పద్ధతిలో చాలా కీబోర్డులు చిన్న ‘ఎల్’కు లకారాన్ని, పెద్ద ‘ఎల్’కు ళకారాన్ని ఇస్తాయి, నకార ణకారాలదీ అదే పద్ధతి. మరికొన్ని కీబోర్డులు ఊహించి కొన్ని మాటలు చూపితే విద్యార్థి మొదటిదాన్ని తాకి ముందుకు సాగుతాడు. ‘కళ’ రావలసిన చోట ‘కల’, ‘మళ్లీ’ రావలసిన చోట ‘మల్లి’ దిగబడేది అలాగే. ఇది భాష రాకపోవడం కాదు. చేత్తో రాస్తే ఆ విద్యార్థి ళకారాన్ని సరిగానే రాస్తాడు. ఇంగ్లీషులో ఉన్నట్టు కంప్యూటరే అక్షరదోషాలను పట్టి ఇస్తుందని తెలుగులో ఆశించడం కూడా కష్టమే, ఎందుకంటే తెలుగు పదం ప్రత్యయాల మీద ప్రత్యయాలు చేర్చుకుంటూ పెరుగుతుంది. ‘వెళ్లలేకపోయినందువల్లనే’ అన్నది ఒక్క పదం. ఇలాంటి రూపాలన్నిటినీ ఏ పదపట్టికా ముందుగా నింపి పెట్టుకోలేదు. దాంతో సరైన మాటల కింద కూడా ఎర్ర గీతలు పడతాయి, విసిగిన విద్యార్థి ఆ సదుపాయాన్నే ఆపివేస్తాడు. ‘అర్థం’ బదులు ‘అర్ధం’ పడిన చోట మాత్రం, అదీ నిఘంటువులోని పదమే కనుక, ఎర్ర గీత పడదు.

దిద్దేవారు గుర్తుంచుకోవలసిన మరో సంగతి ఉంది. పెళ్లి, పెళ్ళి రెండూ వాడుకలో ఉన్నాయి. నుంచి, నుండి రెండూ రాస్తారు. చేయడం, చెయ్యడం రెండూ చెల్లుతాయి. గిడుగు రామమూర్తి వంటివారి కృషితో వ్యావహారికం పుస్తకాల్లోకి, పత్రికల్లోకి వచ్చిన తరువాత ఇలాంటి జంట రూపాలు సహజంగానే నిలిచిపోయాయి. ఒక అధ్యాపకుడు కొట్టివేసిన రూపాన్నే మరొక అధ్యాపకుడు సరైనదంటే, తప్పొప్పులు మనిషిని బట్టి మారుతాయన్న అభిప్రాయం విద్యార్థిలో స్థిరపడుతుంది, అసలు దోషాలను కూడా అతను లెక్క చేయడు. పత్రికా కార్యాలయాల్లో ఏ రూపం వాడాలో ముందే నిర్ణయించుకుంటారు. అలాగే కళాశాల తెలుగు విభాగం కూడా ఒక్క పుటలో తన నియమాలు రాసి మొదటి వారంలోనే విద్యార్థులకు ఇవ్వవచ్చు. ఆ పుటలో లేని చోట ఏ రూపం వాడినా ఫరవాలేదు, వ్యాసం మొదటి నుంచి చివరి దాకా ఒకే రూపం ఉంటే చాలు.

సొంత రాతలో పొరపాటు కనపడకపోవడానికి సోమరితనం ఒక్కటే కారణం కాదు. రాసినవారికి వాక్యం ముందే తెలుసు కాబట్టి, కన్ను కాగితం మీద ఉన్నా మనసు తాను అనుకున్న వాక్యాన్నే చదువుకుంటూ పోతుంది. జారిపోయిన అక్షరాన్ని అదే నింపేసుకుంటుంది. అచ్చు రంగం ఈ సంగతిని ఏనాడో గ్రహించింది. ఈ రంగంలో విజయవాడకు పెద్ద అనుభవం ఉంది. 1952లో విశాలాంధ్ర దినపత్రిక, 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడే మొదలయ్యాయి, పుస్తక ప్రచురణ సంస్థలు ఏలూరు రోడ్డు పొడవునా వెలిశాయి. సీసపు అక్షరాలు పేర్చే కాలంలో ప్రూఫు చదవడం ఇద్దరి పనిగా ఉండేది. ఒకరు మూల ప్రతిని పైకి చదువుతుంటే, మరొకరు ప్రూఫు మీద వేలు పెట్టి పోల్చుకుంటూ మార్జినులో గుర్తులు వేసేవారు. మొదటి ప్రూఫు దిద్దాక రెండవది, అవసరమైతే మూడవది తీసేవారు. అంత చేసినా మిగిలిన అచ్చుతప్పులకు ‘ముద్రారాక్షసాలు’ అని పేరు పెట్టి, పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక అతికించేవారు. రాసినవారి కన్ను ఒక్కటే చాలదని, ఒక్కసారి చదవడం చాలదని ఆ పద్ధతి అంతా ఒప్పుకున్నట్టే.

తరగతి గదిలో దీన్ని ఆచరించడానికి ఖర్చేమీ లేదు. విద్యార్థులను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరి వ్యాసాన్ని మరొకరు పైకి చదివితే చాలు. చదివేవారు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యంలో ఏదో లోపం ఉన్నట్టు. కర్త ఏకవచనంలో మొదలై క్రియ బహువచనంలో ముగిసినా, ఒక మాట రెండుసార్లు పడినా, వాక్యం మధ్యలో దారి తప్పినా చెవి వెంటనే పట్టుకుంటుంది. కానీ థకార ధకారాల తేడాను చెవి పట్టుకోలేదు, ఎందుకంటే వాటిని ఒకేలా పలికేవారే ఎక్కువ. ఆ పని కంటిదే. అందుకే తెలుగులో రెండు విడతలు కావాలి: వాక్యం కోసం పైకి చదవడం ఒకటి, అక్షరం కోసం మౌనంగా, నెమ్మదిగా, వీలైతే చివరి పేరా నుంచి మొదటి పేరాకు వెనక్కి వస్తూ చదవడం ఇంకొకటి. పేర్లు, తేదీలు, అంకెలు మూడవసారి విడిగా చూడాలి. రాసిన రోజునే కాకుండా మర్నాడు చూసుకోవడం, ఫోనులో రాసినదాన్ని కాగితం మీద అచ్చు తీసి చూడడం కూడా ఉపయోగపడతాయి, ఎందుకంటే రూపం మారితే తన రాతే కొంత పరాయిదిగా కనిపిస్తుంది. తనకు తరచూ జరిగే పొరపాట్లను నోటుపుస్తకం చివరి పుటలో రాసుకునే విద్యార్థి కొద్ది నెలల్లోనే ఆ జాబితా పది పన్నెండు మాటలకు మించదని గమనిస్తాడు. అంత చిన్న జాబితాను చేతిలో పెట్టుకుని వెతకడం ఎవరికైనా సాధ్యమే.

అయితే ప్రూఫు దిద్దడం ఎప్పుడన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో రచనా బోధన పరిశోధకురాలు నాన్సీ సామర్స్ 1980లో ఇరవై మంది కళాశాల విద్యార్థుల రాతను, ఇరవై మంది అనుభవజ్ఞులైన రచయితల రాతతో పోల్చి చూసింది. తిరగరాయడమంటే మాటలు మార్చడమేనని విద్యార్థులు అనుకున్నారు. అనుభవజ్ఞులు మాత్రం వాదానికి సరైన రూపం వెతకడమే తిరగరాయడమని భావించారు. చిత్తుప్రతి దశలోనే అక్షరాల వెంట పడితే, తీసివేయవలసిన పేరాను నగిషీ చెక్కినట్టవుతుంది. పైగా కష్టపడి దిద్దుకున్న వాక్యాన్ని తీసేయడానికి మనసు రాదు. చెప్పదలచుకున్నది ఒక్క వాక్యంలో చెప్పగలనా, పేరాల వరుస సరిగా ఉందా అన్న ప్రశ్నలు ముందు, ఒత్తులూ దీర్ఘాలూ తరువాత.

ఆంగ్ల మాధ్యమం సంగతి కొంత వేరు. రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ చదువు ఆంగ్లంలోకి మళ్లాక, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవారి సంఖ్య బాగా పెరిగింది. తెలుగులో ఆర్టికల్స్ లేవు, క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు నామం వెనక చేరతాయి. కాబట్టి ‘ది’ ఎక్కడ పెట్టాలి, ఏ ప్రిపొజిషన్ వాడాలి అన్న చోట దొర్లేవి చాలావరకు తప్పులే, పొరపాట్లు కావు. వాటికి మార్జినులో టిక్కు పెట్టి వదిలేస్తే విద్యార్థి గాలిలో వెతుకుతాడు. నెలకు రెండే అంశాలు ఎంచుకుని, వాటినే నేర్పి, ఆ నెల అసైన్‌మెంట్లలో వాటినే చూడడం మేలు. మిగతావి అప్పటికి వదిలేయాలి. అలా వదిలేయడం అధ్యాపకుడికి కష్టంగా ఉంటుంది, కానీ ఇరవై దోషాలు ఒకేసారి చూపితే విద్యార్థి ఒక్కటీ నేర్చుకోడు.

అడిగిన క్షణంలో వ్యాసం రాసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాక ఈ శ్రమంతా ఎందుకన్న ప్రశ్న విద్యార్థులు అడుగుతున్నారు. దానికి సూటిగానే జవాబు చెప్పాలి. ఆ సాధనాలు ఇచ్చే వాక్యాల్లో అక్షరదోషాలు తక్కువగా ఉండవచ్చు, కానీ లేని పుస్తకం పేరో, తప్పు సంవత్సరమో అదే నిబ్బరంతో వచ్చి చేరుతుంది. దాన్ని పట్టుకోవాలంటే మునుపటి కంటే ఎక్కువ నిదానంగా చదవాలి. ఎప్పుడూ తన రాతను తాను దిద్దుకోని విద్యార్థి యంత్రం రాసినదాన్ని దిద్దలేడు.

ఈ పద్ధతులన్నిటినీ అమలు చేయడానికి కొత్త పాఠ్యాంశం అక్కరలేదు. రాష్ట్రంలోని డిగ్రీ విద్యార్థులందరూ మొదటి సంవత్సరం తరువాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి, ఒక ఊరికో పేటకో వెళ్లి, ఇళ్లు తిరిగి, ప్రశ్నలు అడిగి, నివేదిక రాయాలి. సొంతంగా చూసిన విషయాన్ని సొంత మాటల్లో రాయడానికి ఇంతకంటే మంచి అవకాశం మూడేళ్లలో మరొకటి రాదు. ఆచరణలో పాత నివేదికలు చేతులు మారడం, జిరాక్సు దుకాణంలో ఊరి పేరు మాత్రం మార్చి స్పైరల్ బైండింగు చేయించడం కూడా జరుగుతోంది. నివేదికను ఒకేసారి చివరన తీసుకోకుండా మూడు విడతల్లో తీసుకుంటే ఇది చాలావరకు ఆగుతుంది. మొదటి విడతలో చేత్తో రాసిన పరిశీలనల కాగితాలు, రెండవ విడతలో టిక్కులు మాత్రమే పెట్టి తిరిగి ఇచ్చిన చిత్తుప్రతి, మూడవ విడతలో సహాధ్యాయి ప్రూఫు చూసి సంతకం చేసిన తుది ప్రతి. కొన్ని మార్కులు చిత్తుప్రతికీ తుది ప్రతికీ మధ్య వచ్చిన మార్పుకే కేటాయించాలి. అప్పుడు దిద్దుకోవడం కూడా చదువులో లెక్కకు వస్తుంది.

తుది ప్రతిని చదివేవారు కూడా దొరుకుతారు. 1914లో బెజవాడలో సమావేశమై ఊరూరా గ్రంథాలయం ఉండాలని సంఘం కట్టుకున్న ప్రాంతం ఇది. సర్వే చేసిన ఊరి గ్రంథాలయంలో గానీ, గ్రంథాలయం లేని చోట గ్రామ సచివాలయంలో గానీ నివేదిక ప్రతి ఒకటి ఉంచాలన్న షరతు పెడితే, అది కళాశాల అల్మరాలో కాకుండా ఆ ఊరివారి చేతుల్లో ఉంటుంది. మంగళగిరి చేనేత వీధుల్లోనో, గుంటూరు చుట్టుపక్కల మిర్చి పండే ఊళ్లలోనో సర్వే చేసిన విద్యార్థి రాసిన వీధి పేరు, మగ్గాల సంఖ్య, ఎకరానికి అయిన ఖర్చు అక్కడివారికి కంఠతా వచ్చినవే. ఒక సున్నా ఎక్కువ పడినా, ఎవరి ఇంటిపేరులోనైనా ఒత్తు జారినా, తెరిచిన మొదటి రోజునే ఆ పుట దగ్గర ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు.